ఎన్ని చదివామన్న లెక్క, ఎందుకు చదివామన్న ప్రశ్న

1

జనవరి వచ్చిందంటే సాహిత్యాభిమానుల్లో, ముఖ్యంగా విద్యార్థుల్లో, కొన్నేళ్ళుగా ఒక అలవాటు కనిపిస్తున్నది. ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదువుతానని సంఖ్య చెప్పి ప్రతిన పూనడం, డిసెంబరు ఆఖరున లెక్క అప్పజెప్పడం. అమెరికాలో పుట్టిన గుడ్‌రీడ్స్ అనే సంస్థ 2011లో ఇటువంటి వార్షిక పఠన చాలెంజిని మొదలుపెట్టింది. కొందరు సంఖ్యతో తృప్తి పడక ప్రక్రియల జాబితా కూడా పెట్టుకుంటారు. ఒక నవల, ఒక నాటకం, ఒక ఆత్మకథ, ఒక యాత్రాచరిత్ర, ఒక అనువాదం, ఒక విజ్ఞానశాస్త్ర గ్రంథం - ఇట్లా. లక్సెట్టిపేట వంటి చిన్న ఊళ్ళో కూడా డిగ్రీ చదివే పిల్లలు ఈ జాబితాలు రాసుకొని నా దగ్గరికి వచ్చి, "సార్, యాత్రాచరిత్ర కింద ఏది చదవాలె?" అని అడుగుతున్నారు.

దీన్ని చూసి నవ్వే పెద్దలున్నారు. చదువు పరుగుపందెం కాదని, మనసుకు నచ్చినప్పుడు నచ్చిన పుస్తకం చదవాలని వాళ్ళంటారు. నేను నవ్వలేను. మనసుకు నచ్చిన పుస్తకమే చదవడం వల్ల మన సాహిత్యరంగం ఏ స్థితికి వచ్చిందో చూస్తూనే ఉన్నాం. కవులు కవిత్వమే చదువుతారు, అదీ తోటి కవులదే. కథకులు కథలే చదువుతారు. విమర్శకులు సమీక్షకు వచ్చిన పుస్తకాలు చదువుతారు. ప్రబంధాలు, వ్యాకరణం, ఛందస్సు, ఆధునిక కవిత్వం చదివి తెలుగు ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న నా వంటి వాడిని, ఆ రెండేళ్ళలో ఒక్క అర్థశాస్త్ర గ్రంథమైనా చదివావా అని ఎవరూ అడగలేదు. అభ్యుదయం కోరే రచయితలమైన మనం ఇందుకు మినహాయింపా? కాదు. మన శిబిరం వాళ్ళు రాసింది చదివి, మన శిబిరం పత్రికలో మెచ్చుకుని, లోకం తెలిసిందనుకునే అలవాటు మనకూ ఉన్నది. జాబితా పెట్టుకుని చదివేవాడు కనీసం తాను ఏం చదవడం లేదో తెలుసుకుంటాడు. ఆ మేరకు ఈ కొత్త అలవాటును ఆహ్వానించవలసిందే.

అయితే అది ఎంతవరకు తీసుకుపోతుంది, ఎక్కడ ఆపేస్తుంది అన్నది విచారించాలి.

2

పిల్లలకు సలహా చెప్పడం కంటే ముందు నేను చేసి చూడడం న్యాయమనిపించింది. ఒక సంవత్సరం నోటుపుస్తకంలో 12 గడులు గీసుకున్నాను. గడికి 3 చొప్పున 36 పుస్తకాలు. సంక్రాంతి నాటికే కవిత్వం గడి నిండింది. ఎండాకాలం సెలవులు ముగిసేసరికి కథ, నవల, విమర్శ నిండాయి. విజ్ఞానశాస్త్రం, అర్థశాస్త్రం గడులు మాత్రం నవంబరు దాకా ఖాళీగానే ఉన్నాయి. అప్పుడేం చేశాను? సన్నపాటి పుస్తకాలు వెతికాను. 60 పుటల చిన్న పుస్తకం ఒకటి ఒక పూటలో చదివి విజ్ఞానశాస్త్రం కింద టిక్కు పెట్టాను. తనిఖీ ఉందని తెలిసిన రోజు రాత్రి కూర్చుని రిజిస్టరు నింపే పని మా వృత్తిలో అందరికీ తెలిసిందే. నేను చేసింది అదే.

ఏడాది చివర 31 తేలాయి. తక్కువైన అయిదింటి గురించి నాకు బాధ లేదు. తేలిన వాటిని చూసినప్పుడే సిగ్గు కలిగింది. ఆత్మకథలు మూడూ పురుషులు రాసినవే. మొత్తం 31లో రచయిత్రులవి నాలుగు. ప్రక్రియలు మారాయి గాని, లోకాన్ని చూసే కిటికీ మారలేదు. గడి పేరు 'ఆత్మకథ' అని ఉంటే చాలు, అది ఎవరి ఆత్మకథ అని గడి అడగదు.

సంఖ్యకు ఇంకొక స్వభావం కూడా ఉన్నది. 60 పుటల పుస్తకమూ ఒకటే, 600 పుటల చరిత్ర గ్రంథమూ ఒకటే. లోగడ చదివిన పుస్తకాన్ని మళ్ళీ చదివితే కొత్తగా ఏదీ చేరదు. కాని సాహిత్య విద్యార్థికి రెండోసారి చదవడంలోనే అసలు చదువు మొదలవుతుంది! మొదటిసారి కథ ఎటు పోతుందో చూస్తాం, రెండోసారి రచయిత దాన్ని ఎటు తోలుతున్నాడో చూస్తాం. నెమ్మదిగా చదివేవాడిని, ఆగి ఆలోచించేవాడిని, పుస్తకంతో తగువు పెట్టుకునేవాడిని ఈ లెక్క వెనుకబడినవాడిగా చూపిస్తుంది.

ఈ లెక్క ఎవరికి లాభమని అడగడం మన విమర్శ పద్ధతి. 2013లో గుడ్‌రీడ్స్‌ను పుస్తకాలమ్మే అమెజాన్ కంపెనీ కొనుక్కున్నది. చదివిన పుస్తకాల సంఖ్య పెరగాలని కోరుకునేవాళ్ళలో అమ్మేవాళ్ళు కూడా ఉంటారని ఇంతకంటే వేరే నిరూపణ అక్కరలేదు. అమ్మేవాడు పుస్తకాలు అమ్మడం నేరం కాదు. పాఠకుడు తన చదువును అమ్మకపు కొలతతో కొలుచుకోవడమే పొరపాటు.

3

చదువు వెడల్పు కావడం ఎందుకు అవసరమో నాకు జాబితా నేర్పలేదు. ఒక కౌలు రైతు నేర్పాడు.

కొన్నేళ్ళ కింద ఒక యువ కథకుడి సంపుటికి ముందుమాట రాశాను. అందులో ఒక పత్తి రైతు కథ ఉన్నది. రైతు బ్యాంకులో పంట అప్పు తీసుకుంటాడు, వానలు ఎగ్గొడతాయి, బ్యాంకు నోటీసు వస్తుంది, కథ విషాదాంతమవుతుంది. "గ్రామీణ జీవితాన్ని కళ్ళకు కట్టిన కథ" అని రాశాను. వస్తువును మెచ్చుకున్నాను, శిల్పాన్ని మెచ్చుకున్నాను, ముగింపులోని ప్రతీకను గురించి ఒక పేరా రాశాను. ఆ పుస్తకం నా దగ్గర చదివే ఒక పిల్లవాడి ఇంటికి చేరింది. వాళ్ళ నాయన కౌలుకు పత్తి వేస్తాడు. ఒకనాడు బడికి వచ్చి పుస్తకం తిరిగి ఇస్తూ అడిగాడు.

"సారూ, కథ మంచిగనే ఉన్నది. గని ఆ రైతు భూమి కౌలుకు వట్టిండని రాసిండు గదా. పాసుబుక్కు లేనోనికి బ్యాంకు అప్పు ఎట్లిచ్చింది?"

నా దగ్గర సమాధానం లేదు. పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలుదారుకు బ్యాంకు తలుపు తెరుచుకోవడం ఎంత కష్టమో, అతడు షావుకారు దగ్గరికి, విత్తనాలూ మందులూ అమ్మే దుకాణదారు దగ్గరికి ఎందుకు పోతాడో, పంట చేతికి రాగానే అదే దుకాణదారుకు ఎందుకు తూకం వేస్తాడో పల్లెలో ప్రతివాళ్ళకూ తెలుసు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చేందుకు 2011లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేయవలసి వచ్చిందంటేనే సమస్య ఎంత లోతైనదో తెలుస్తుంది. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టాదారుకే అందింది గాని కౌలుదారుకు అందలేదు.

ఇది చిన్న వాస్తవదోషం కాదు. కథలో అప్పు ఎవరిదన్న దానిమీదే శత్రువు ఎవరన్నది ఆధారపడి ఉంటుంది. బ్యాంకు నోటీసుతో ముగిసిన కథలో భూమి యజమాని కనిపించడు, వడ్డీ వ్యాపారి కనిపించడు, దుకాణదారు కనిపించడు. ముగ్గురూ కథ బయట చల్లగా కూర్చున్నారు. కౌలు రైతు మీద సానుభూతితో రాసిన కథే వాళ్ళను దాచిపెట్టింది. రచయిత ఆ పని కావాలని చేయలేదు. అతడు చదివిన కథల్లోని రైతులు బ్యాంకుల్లో అప్పులు తెచ్చారు, ఇతడి రైతూ తెచ్చాడు. కథలే చదివి కథ రాసిన రచయిత, కథలే చదివి ముందుమాట రాసిన విమర్శకుడు - ఇద్దరం కలిసి ఒక కౌలు రైతుకు అతని బతుకునే తప్పుగా చెప్పాం.

ప్రక్రియల ఎల్లలు దాటి చదవడం పాండిత్యానికి అలంకారమని ఇంతకాలం అనుకున్నాను. అది రచయిత బాధ్యత అని ఆనాడు అర్థమైంది.

4

ఈ బాధ్యత మనకు కొత్తది కాదు. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించినప్పుడు తెలుగులో కావ్యాలకు కొదవ లేదు. లేనివేమిటో వాళ్ళు చూశారు. మండలి తొలి పుస్తకంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర వెలువడింది. ఆ వెనుక దేశచరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థవిజ్ఞానం, అర్థశాస్త్రం వచ్చాయి. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర వచ్చింది. నవలలకు పోటీలు కూడా పెట్టారు. అంటే నవల చదివే పాఠకుడి చేతికే రసాయనశాస్త్రం అందాలని వాళ్ళ కోరిక. ప్రక్రియల జాబితా అప్పుడూ ఉన్నది. కాని అది ఒక వ్యక్తి తన కోసం గీసుకున్న గడుల పట్టిక కాదు, ఒక జాతికి ఏయే జ్ఞానం కరువైందో చూసి వేసుకున్న ప్రణాళిక.

నిజాం రాజ్యంలో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. తెలంగాణలో గ్రంథాలయం పుస్తకాల బీరువా మాత్రమే కాదు, నలుగురు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు.

ఈ సంప్రదాయానికి కింది నుంచి వచ్చిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లాలో పేద కుటుంబంలో పుట్టి, ఒక ఉపాధ్యాయుడి ఇంట వంటపని చేస్తూ అక్షరాలు నేర్చి, హోటల్లో పనిచేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించాడు. అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకుపోయి అమ్మాడు. తరువాత 'ప్రజల మనిషి' నవల రాశాడు. ఈ నవలాకారుడికి ఏ విశ్వవిద్యాలయమూ పఠన ప్రణాళిక వేసి ఇవ్వలేదు. ఉద్యమానికి ఏ పుస్తకం అవసరమైతే అది చదివాడు, దొరకనిది అచ్చువేశాడు.

కొడవటిగంటి కుటుంబరావును తలుచుకోకుండా ఈ ప్రసక్తి ముగియదు. భౌతికశాస్త్రం చదివిన ఆయన కథలూ నవలలతో ఆగక సినిమా, చరిత్ర, విజ్ఞానశాస్త్రం, మనస్తత్వం గురించి వ్యాసాలు రాశాడు. 1952 నుంచి 1980లో మరణించేదాకా చందమామ పని చూశాడు. ఆయన కథల్లో ఇంటి ఖర్చుల లెక్క తప్పదు. ఎవరి జీతమెంత, ఎవరి కట్నమెంత అన్నది తెలియకుండా మధ్యతరగతి మనిషి మనసు తెలియదని ఆయన ఎరుగును. ఇక దామోదర్ ధర్మానంద్ కోశాంబి గణితశాస్త్రజ్ఞుడు. 1956లో భారతదేశ చరిత్ర అధ్యయనానికి కొత్త దారి వేసిన గ్రంథం వెలువరించాడు. ఆయనే భర్తృహరి శ్లోకాల ప్రతులను సరిచూసి పరిష్కరించాడు. నాణేల తూకాలు కొలిచిన చేత్తోనే సంస్కృత కవిత్వాన్ని కూడా పరిశీలించాడు. వీళ్ళెవరూ వైవిధ్యం కోసం వైవిధ్యాన్ని కోరలేదు. పట్టుకున్న ప్రశ్న ఎటు తీసుకుపోతే అటు పోయారు, దారిలో ప్రక్రియల సరిహద్దులు దాటారు.

5

ఈ పద్ధతిని మన నేల మీద ఎట్లా ఆచరించవచ్చు? ఒక ఉదాహరణ చెబుతాను. 2022లో వచ్చిన ఒక సినిమా పుణ్యమా అని మా పిల్లలందరికీ కొమురం భీం పేరు తెలుసు. సినిమాలో భీం, అల్లూరి సీతారామరాజు స్నేహితులు. ఆ స్నేహం కల్పన. "అయితే అసలు భీం ఎందుకు కొట్లాడిండు సార్?" అని ఒక పిల్ల అడిగింది. ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని ఏడాదంతా చదవవచ్చు.

మొదట సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల తీసుకుందాం. అది 1983లో వచ్చింది. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన రెండేళ్ళకు వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుని చదవాలి. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి గురించి 1983లో ఎందుకు రాయవలసి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

తరువాత ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ రాజగోండుల మీద రాసిన గ్రంథం చదవాలి. అది 1948లో వెలువడింది. గోండుల గోత్రాలు, దేవతలు, పండుగలు, సేద్యం - నవలలో వేగంగా దాటిపోయే వివరాలు ఇక్కడ నిలిచి కనిపిస్తాయి. అయితే ఆయన నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేసినవాడు. భీం పోరాటం తరువాత గోండులను శాంతపరచవలసిన అవసరం ఆ ప్రభుత్వానికి ఉన్నది. గోండుల మీద ఆయనకున్న ప్రేమను శంకించనక్కరలేదు, మార్లవాయి గ్రామం ఆయనను ఇప్పటికీ తనవాడనుకుంటుంది. అయినా ఆయన ఎక్కడ నిలబడి చూశాడో మరచిపోయి చదవరాదు.

మూడవది చట్టం. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది, 1963లో తెలంగాణకు వర్తించింది, 1970లో సవరణ జరిగింది. జనం 1/70 అని పిలిచేది ఈ సవరణనే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది, కాదని రుజువు చేసుకునే భారం గిరిజనేతరుడిదే. ఈ ఒక్క వాక్యం వెనుక ఎన్ని మోసపు కాగితాల చరిత్ర ఉన్నదో ఊహించండి! ఇంత గట్టి చట్టం వచ్చిన పదకొండేళ్ళకు ఇంద్రవెల్లి ఎందుకు జరిగిందన్నది ఆ తరువాతి ప్రశ్న. దానికి చట్టం పుస్తకంలో జవాబు దొరకదు, మళ్ళీ నవల దగ్గరికి రావాలి.

నాలుగవది మనం చదవలేనిది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి భాషకు సొంత లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. గోండుల వంశగాథలను ప్రధానులు తరతరాలుగా కింగ్రి వాయిస్తూ పాడుతున్నారు. మన జాబితాలో ఈ గడి ఉండదు. అచ్చయిందే సాహిత్యమని, తెలుగులో, ఇంగ్లీషులో ఉన్నదే చదువని అనుకునేవాడికి ఈ పాట 'జానపదం' అనే ఒక మూలకు పోతుంది. ఎదుట కూర్చుని వినడం కూడా చదువులో భాగమే.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక్కొక్క ప్రక్రియ ఏది చూడగలదో, ఏది చూడలేదో తెలుస్తుంది. నవల కోపాన్ని చూపుతుంది, భూమి రికార్డును చూపదు. శాస్త్రగ్రంథం ఆచారాన్ని చూపుతుంది, దాన్ని రాసినవాడిని చూపదు. చట్టం హక్కును చూపుతుంది, ఆ హక్కు కచేరి గడపలో ఎట్లా చస్తుందో చూపదు. పాట జ్ఞాపకాన్ని నిలుపుతుంది, తేదీని నిలపదు. పన్నెండు గడుల్లో పన్నెండు సంబంధం లేని పుస్తకాలు చదివినవాడికి ఈ తేడా తెలిసే అవకాశం తక్కువ. ఒకే ప్రశ్న చుట్టూ నాలుగు రకాల పుస్తకాలు చదివినవాడికి అది తెలియకుండా పోదు.

6

దీనిమీద రెండు అభ్యంతరాలు వస్తాయి. రచయిత అర్థశాస్త్రవేత్త కానక్కర లేదు, కథలో జీవం ఉంటే చాలు అన్నది మొదటిది. కానక్కర లేదు, నిజమే. కథలో రుణ నిబంధనలు ఏకరువు పెట్టమని ఎవరూ అడగరు. ఆ నిబంధనలు తెలిసిన రచయిత వాటి పేరెత్తకుండానే తన రైతును సరైన గుమ్మం ముందు నిలబెడతాడు. తెలియని రచయిత ఎంత జీవం పోసినా తప్పు గుమ్మం ముందు నిలబెడతాడు. విమర్శకుడి విషయంలో ఈ మినహాయింపు కూడా లేదు. వస్తువు గొప్పది అని తీర్పు చెప్పేవాడు ఆ వస్తువు గురించి పుస్తకం బయట కొంతైనా తెలుసుకుని ఉండాలి. లేకపోతే అతడు మెచ్చుకునేది వస్తువును కాదు, వస్తువు పేరును.

రెండవ అభ్యంతరం పిల్లలది, అందుకే బరువైనది. "ఇన్ని రకాల పుస్తకాలు ఎక్కడ దొరుకుతయి సార్? కొనే పైసలు ఎవరి దగ్గరున్నయి?" నిజం. వార్షిక పఠన సంకల్పాల మాట మాట్లాడేవాళ్ళు ఈ మాటను తరచుగా దాటవేస్తారు. కాని 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతున్నది. ఇల్లున్న ప్రతి మనిషీ, అక్షరం రానివాడు కూడా, పుస్తకాల కోసం పన్ను కడుతున్నాడు. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయాల్లో ఇవాళ ఎక్కువగా కనిపించేది ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులు. వాళ్ళను తప్పు పట్టే హక్కు మనకు లేదు, వాళ్ళకు బల్ల, దీపం దొరికే చోటు అదొక్కటే. ఆ బల్ల పక్కనే చరిత్ర, అర్థశాస్త్రం, విజ్ఞానశాస్త్రం, కొత్త సాహిత్యం ఉండేటట్టు అడగడం రచయితల సంఘాలు చేయవలసిన పని. సొంత బీరువా నింపుకునే సంకల్పం కంటే శాఖా గ్రంథాలయం బీరువా నింపించే సంకల్పం కష్టమైనది, దాని ఫలితం పదిమందిది.

ఈ జనవరిలో జాబితాతో వచ్చిన పిల్లలకు నేను సంఖ్య చెప్పలేదు. ఒక ప్రశ్న ఎంచుకొమ్మన్నాను. గోదావరి మన ఊరి పక్కనుంచే పోతున్నది గదా, దాని నీళ్ళు ఎవరి పొలానికి పోతున్నాయి, ముంపు కింద ఎవరి ఊరు పోయింది? బొగ్గు బాయిలో ఎవరు ఏ పని చేస్తారు, ఏ కూలికి? బీడీలు చుట్టే మీ అమ్మలకు వెయ్యి బీడీలకు ఎంత ముడుతుంది? ఇట్లాంటిదే ఏదో ఒకటి. దాని మీద ఒక కథల సంపుటి, ఒక చరిత్ర, ఒక చట్టమో నివేదికో, ఒక స్త్రీ చెప్పుకున్న జీవితం, మీ అభిప్రాయానికి ఎదురు నిలిచే ఒక పుస్తకం చదవమన్నాను. అయిదు చాలు. ఆరవది పుస్తకం కాదు. ఆ ప్రశ్నతో బతుకుతున్న ఒక మనిషి దగ్గర కూర్చుని, చదివింది చెప్పి, తప్పేదో అడగండి అన్నాను.

నేను ముందుమాట రాసిన ఆ సంపుటి మలిముద్రణకు వస్తున్నదని రచయిత చెప్పాడు. కౌలు రైతు అడిగిన మాట అతనికి చెప్పాను. మొదట నొచ్చుకున్నాడు. నాలుగు రోజుల తరువాత బండి వేసుకుని ఆ రైతును వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ చేను గట్టు మీద పొద్దుగూకేదాకా కూర్చున్నారు. కథ ఎట్లా మారుతుందో నాకు తెలియదు. నా ముందుమాటను మాత్రం నేను తిరిగి రాస్తున్నాను.